విజయనగరంలో ఇంటికి తోడు కావాలి: చేరకముందే ఏమేమి అడగాలి?

వెన్నెల_27
సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మాది బొబ్బిలి దగ్గర పల్లె. రింగు రోడ్డు వైపు మొదటి అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. అద్దె 9,000, అడ్వాన్సు 18,000. ఒక్కదాని జీతంతో ఈ ఇల్లు నిలుపుకోలేను. వదిలేసి హాస్టల్‌కు వెళ్లడానికి మనసు ఒప్పడం లేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోవాల్సిన మనిషికి నలుగురుండే గది ఎంత నరకమో రెండేళ్లు అనుభవించాను.

నిరుడు ఒక అమ్మాయి నాతో ఉండేది. మా మండలమే. వాళ్ల అమ్మ, మా అమ్మ ఒకే బడిలో చదువుకున్నారు. కులం ఒకటే, వంట ఒకటే, మాట తీరు కూడా ఒకటే. ఇంతకంటే కుదిరే మనిషి దొరకదని రెండిళ్లలోనూ సంతోషించారు. మూడో నెల నుంచి మా మధ్య మాటలు తగ్గాయి. తను పోటీ పరీక్షలకు రాత్రి ఒంటిగంట దాకా హాలులో పాఠాల వీడియోలు పెట్టుకుని చదివేది. నేను ఉదయం షిఫ్టుకు 5 గంటలకు లేవాలి. రాత్రి డ్యూటీ దిగి వచ్చి నేను కళ్లు మూసుకునే వేళకు తను మిక్సీ వేసేది. తప్పు తనదని అనను. చదువుకునే మనిషి ఏదో ఒక వేళ చదవాలి, తినే మనిషి ఏదో ఒక వేళ వండుకోవాలి. కానీ ఈ విషయం ఇద్దరం ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదు. తెలిసినవాళ్లం కదా, ఎలా అడుగుతామని ఊరుకున్నాం. చివరికి రెండు రోజుల ముందు చెప్పి వెళ్లిపోయింది. రెండు నెలల అద్దెలో తన వాటా నాకు రావాలి. అమ్మల స్నేహం కూడా చెడింది. డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఇప్పుడు మళ్లీ వెతుకుతున్నాను. ప్రకటన చూసి ఏడుగురు ఫోను చేశారు. ఎక్కువమంది అడిగినవి రెండే: "మీరెవరు?", "మాంసం తింటారా?" తిరిగి ఏమడగాలో నాకూ తోచలేదు. కలిసి ఉన్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నాగావళి_గట్టు
సోమవారం, రాత్రి 11:02

వెన్నెల గారూ, శ్రీకాకుళం బలగలో ముగ్గురితో కలిసి ఆరేళ్లు ఉన్నాను. ఇప్పుడు పెళ్లయి వేరుగా ఉంటున్నా ఆ ముగ్గురూ నా ఇంటి మనుషులే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట తలుపు సంగతి తేల్చుకోండి. మా ఊరికి రావాలంటే రైలు దిగేది ఆమదాలవలసలో. స్టేషనుకు శ్రీకాకుళం రోడ్డు అని పేరు, ఊరు మాత్రం 10 కిలోమీటర్లకు పైనే. రైలు ఆలస్యమైతే ఆటో దొరికి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. లోపలివాడు గడియ పెట్టుకుని నిద్రపోతే బయటివాడికి మెట్ల మీదే తెల్లవారేది. రెండుసార్లు అలా అయ్యాక లోపలి గడియ మానేసి, బయటి నుంచి కూడా తీయగలిగే తాళం వేయించి, నలుగురికీ నాలుగు తాళం చెవులు చేయించాం. షిఫ్టుల్లో పనిచేసే మీకు ఇది మరీ ముఖ్యం.

రెండోది, ప్రశ్న వేసే పద్ధతి. "ఎన్నింటికి పడుకుంటారు?" అంటే అందరూ "పదింటికి" అంటారు. అబద్ధమని కాదు, తాము అలా ఉండాలని వాళ్లకూ ఉంటుంది. "నిన్న ఎన్నింటికి పడుకున్నారు? మొన్న?" అని అడగండి. "శుభ్రంగా ఉంటారా?" అంటే లేదనేవారు ఉండరు. "రాత్రి తిన్న గిన్నెలు రాత్రే తోముతారా, పొద్దున్నా?" అని అడిగితే నిజం వస్తుంది. ఏ జవాబూ చెడ్డది కాదు. మీరు రాత్రే తోమే మనిషి అయి, వాళ్లు పొద్దున తోమే మనిషి అయితే, ఆ సింకు దగ్గరే రోజూ ఒకరి మీద ఒకరికి కోపం పేరుకుంటుంది.

ఇప్పుడున్న చోటు ఎందుకు వదులుతున్నారో తప్పక అడగండి. జవాబులో అంతా ఎదుటివాళ్ల తప్పే వినిపిస్తే నేనైతే ఆగి ఆలోచిస్తాను. ఇందాక మీరు రాసినట్టు రెండు వైపులా చెప్పగలిగిన మనిషి అయితే ధైర్యంగా పిలుస్తాను.

అమ్మమ్మ_గంటస్తంభం
మంగళవారం, ఉదయం 6:20

తల్లీ, నీ కష్టం చదివాను. అయినా నా మాట నేను చెబుతాను. ఇద్దరు కూతుళ్లను విశాఖలో గదుల్లో ఉంచి చదివించాను. తెలిసిన ఊరి పిల్ల అయితే మేలని పెద్దవాళ్లు అనేది కులం కోసమే కాదమ్మా. రాత్రిపూట మా అమ్మాయి ఫోను ఎత్తకపోతే నేను ఎవరికి చేయాలి? దానికి జ్వరం వస్తే ఎవరు చెబుతారు? తోటి పిల్ల తల్లి నాకు తెలిసి ఉంటే ఒక దారి ఉంటుంది. మా పెద్దమ్మాయికి పచ్చకామెర్లు వచ్చినప్పుడు నాలుగు రోజులు దాచిపెట్టింది. మాకు కబురు అందించింది పక్క ఊరి పిల్ల తల్లే. అది నేను మరువలేను.

వెన్నెల_27
మంగళవారం, మధ్యాహ్నం 3:10

అమ్మమ్మ గారూ, మీ భయమే మా అమ్మది కూడా. దాన్ని కాదనను. అయితే ఆ ధైర్యం ఒకే ఊరివాళ్లం అయితేనే వస్తుందా? వచ్చే అమ్మాయి ఇంటికి మా అమ్మానాన్నలు ఒకసారి వెళ్లి రావచ్చు. వాళ్లు మా ఇంటికి రావచ్చు. రెండిళ్ల నంబర్లు ఇద్దరి ఫోన్లలో ఉంటాయి. దాచిపెట్టకూడని జబ్బు ఏదైనా వస్తే ఇంటికి చెప్పే హక్కు ఇద్దరికీ ఉందని ముందే మాట ఇచ్చుకోవచ్చు. ఇది నాకు మీ సందేశం చదివాకే తట్టింది.

కులం అడిగిన నలుగురికీ జవాబు చెప్పాను. ఇద్దరు వెంటనే ఫోను పెట్టేశారు. మిగిలిన ఇద్దరూ "మనవాళ్లే" అని సంతోషించారు, నా డ్యూటీ వేళలు చెప్పగానే వెనకాడారు. ఆ ప్రశ్న వల్ల ఎవరికీ ఇల్లు దొరకలేదు, నాకు తోడూ దొరకలేదు.

పొద్దుటి_రైలు
మంగళవారం, రాత్రి 8:45

నేను రోజూ విజయనగరం నుంచి విశాఖకు రైల్లో వెళ్లి వస్తాను. ఒకవైపు 60 కిలోమీటర్లు. నాతో ఉన్న మిత్రుడిదీ అదే రైలు, అదే ఆఫీసు వేళ. ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను. మా ఇంట్లో బాత్రూము ఒక్కటే. ఇద్దరికీ 5:30కే కావాలి. ఇస్త్రీ పెట్టె ఒక్కటే, అదీ 6 గంటలకే కావాలి. మా తగువులన్నీ ఆ 40 నిమిషాల్లోనే. ఇప్పుడు నాతో ఉంటున్న ఆయనకు ఒక దుకాణంలో పని, 10 గంటలకు వెళతాడు. ఏడాదిన్నర అయింది, గట్టిగా ఒక మాట అనుకోలేదు. బాత్రూములు ఎన్ని, ఎవరికి ఏ వేళకు కావాలి అన్నది రాసుకోండి.

దాసన్నపేట_ఇంటివారు
బుధవారం, ఉదయం 7:30

ఇల్లు అద్దెకిచ్చే మా వైపు మాట కూడా వినండి. కింద మేము ఉంటాం, పైన అద్దెకిస్తాం. పెళ్లికాని పిల్లలకు ఇల్లు ఇవ్వబడదని మూడేళ్లు బోర్డు పెట్టాను. పిల్లలంటే కోపం ఉండి కాదు. ఇద్దరికని ఇచ్చాను, నలుగురు చేరారు. ఉదయం 8 గంటలకే ట్యాంకు ఖాళీ. మోటారు వేసి మరిచిపోయేవారు, నీళ్లు మెట్ల మీదుగా మా గుమ్మం దాకా వచ్చేవి. ఒకరు ఖాళీ చేసి మరొకరు వచ్చిన సంగతి నెల తర్వాత తెలిసింది. నా ఇంట్లో ఎవరుంటున్నారో నాకే తెలియకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు నేను ఏం చెప్పాలి?

ఆ బోర్డు తీయించింది ఇద్దరు ఆడపిల్లలు. ఒకరు నర్సు, ఒకరు టీచరు. నేను అడగకముందే ఒక కాగితం రాసుకొచ్చి చేతిలో పెట్టారు. ఎవరెవరు ఉంటారు, చుట్టాలు వస్తే ఎన్ని రోజులు, మోటారు ఏ రోజు ఎవరి బాధ్యత, ఒకరు మారితే నాకు ఎన్ని రోజుల ముందు చెబుతారు. అన్నీ ఉన్నాయి. రెండేళ్లు ఉన్నారు. వెళ్లేటప్పుడు మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కనుక వెన్నెలమ్మా, కొత్త అమ్మాయితో మాట్లాడే ముందే మీ ఇంటివారితో మాట్లాడు.

దస్తావేజు_లేఖరి
బుధవారం, ఉదయం 11:50

ఇంటివారు చెప్పిన కాగితం సంగతికి నా వంతు చేర్పు. మన దగ్గర అద్దె ఒప్పందాలు 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 17వ సెక్షను మూలంలో ఉంది; మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ తర్వాత ఏ గడువు లీజునైనా రిజిస్టరు చేయించాలి. అయినా ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా ఉండాలని పాత అలవాటు కొద్దీ 11 నెలలే రాసుకుని మళ్లీ పొడిగించుకుంటారు.

మీ ఒప్పందంలో మీ పేరు ఒక్కటే ఉందనుకుంటాను. అలాగైతే వచ్చే అమ్మాయి అద్దె ఇవ్వకపోయినా ఇంటివారికి మొత్తం 9,000 కట్టాల్సింది మీరే. అటు ఆ అమ్మాయికీ భద్రత లేదు, రేపు మీరు పొమ్మంటే ఆమె చూపించుకోవడానికి ఏ కాగితమూ ఉండదు. చాలా ఒప్పందాల్లో ఇంటివారి అనుమతి లేకుండా వేరే మనిషిని చేర్చుకోకూడదన్న షరతు కూడా ఉంటుంది, మీది ఒకసారి తీసి చదవండి. ఇద్దరి పేర్లతో కొత్తగా రాయించుకోవడం మేలు. అడ్వాన్సులో ఎవరు ఎంత ఇచ్చారో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి.

నెలవారీ అద్దెకు వేరే ఒప్పందం లేకపోతే 15 రోజుల నోటీసు చాలునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షను. తోటి మనిషిని వెతుక్కోవడానికి 15 రోజులు చాలవు. మీ ఇద్దరి మధ్య 30 రోజులని విడిగా రాసుకుని సంతకాలు చేసుకోండి. నిరుడు మీకు జరిగిన నష్టం ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే.

మీటరు_లెక్క
బుధవారం, సాయంత్రం 6:05

కరెంటు బిల్లు సగం సగం అనే మాట దగ్గర జాగ్రత్త. ఏసీ ఒక గదిలోనే ఉంటే ఆ సగం న్యాయం కాదు. మన దగ్గర గృహ వినియోగానికి శ్లాబులు. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75.

చలికాలంలో ఇద్దరూ కలిసి 110 యూనిట్లు వాడారనుకోండి. యూనిట్ల ఖర్చు సుమారు 350 రూపాయలు. మేలో ఒకరి గదిలో ఏసీ తిరిగి 330 యూనిట్లు అయితే ఖర్చు 1,936 దాకా వెళుతుంది. యూనిట్లు మూడింతలే, డబ్బు ఐదింతలు దాటింది. పెరిగిన యూనిట్లన్నీ పై శ్లాబుల్లో పడటమే కారణం. ఫ్యాను కింద పడుకున్న అమ్మాయి సగం పేరుతో 968 కట్టాలి, తన అసలు వాటా 175. ఏసీకి చిన్న మీటరు విడిగా పెట్టించుకోవచ్చు. లేదా చలికాలపు బిల్లును గీతగా పెట్టుకుని, దానికి పైన పెరిగినదంతా ఏసీ ఉన్నవారే కట్టాలని రాసుకోవచ్చు. స్థిర ఛార్జీలు మాత్రం చెరిసగం.

వెన్నెల_27
బుధవారం, రాత్రి 9:30

ఏసీ నా గదిలోనే ఉంది. నిరుడు వేసవి బిల్లులు ఇప్పుడే తీసి చూశాను. ఆ అమ్మాయి ఆ రెండు నెలలూ సగం కట్టింది. నాకు రావాల్సిన బాకీ గురించే ఇన్నాళ్లూ బాధపడ్డాను, తన వైపు నుంచి ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు. రేపు తనకు ఫోను చేస్తాను.

ఇంకొక సందేహం. ఎంత రాసుకున్నా, ఒక నెల నిజంగానే అద్దె ఇవ్వలేని స్థితి వస్తే ఏం చేయాలి?

నాగావళి_గట్టు
గురువారం, ఉదయం 5:50

మాకు వచ్చింది ఆ స్థితి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మాలో ఒకడిది ఉద్దానం. ఇంటికి ఆధారం కొబ్బరి తోట, జీడి తోట. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు వేళ్లతో సహా నేలమీద పడుకున్నాయి. కొత్త మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. వాడికి అప్పట్లో చిన్న జీతం, అదంతా ఇంటికే పంపాల్సి వచ్చింది. గది ఖాళీ చేస్తానని పెట్టె సర్దుకున్నాడు.

మేము ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. వాడి వాటా పంచుకుంటే ఒక్కొక్కరికి నెలకు 700 ఎక్కువ. మూడు నెలలు కట్టాం. దానంగా ఇస్తే వాడు తీసుకునేవాడు కాదు. అందుకే గోడ క్యాలెండరు వెనుక బాకీ రాసుకోమన్నాం, తీర్చే తేదీ వాడినే వేసుకోమన్నాం. వాడు ఆ మూడు నెలలూ వంట తనే చేశాడు, మేము వద్దన్నా. బాకీ తర్వాతి ఏడాది సంక్రాంతికి తీరింది.

ఇది అందరితో సాగదు. తుపానుకు ముందు రెండేళ్లు వాడు ప్రతి నెలా 2వ తేదీకే అద్దె ఇచ్చిన మనిషి. చెప్పకుండా దాటేయడం వేరు, ముందే వచ్చి చెప్పడం వేరు. కాగితంలో ఇలా రాసుకోండి: కష్టం వస్తే 1వ తేదీకి ముందే చెప్పాలి, ఒక నెల వాటా అడ్వాన్సులోంచి సర్దుకోవచ్చు.

తంబురా_శ్రుతి
గురువారం, రాత్రి 7:40

వెన్నెల గారూ, నేను ఇక్కడ మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. ఆ పేరు వినే శ్రీకాకుళం గుజరాతీపేట నుంచి వచ్చాను. కానీ ఈ ఊళ్లో నాకు గది దొరకడం కష్టంగా ఉంది. సాధకం చేయని వయొలిన్ విద్యార్థి ఉండదు, సాధకం వినగలిగే రూమ్మేట్ దొరకదు. ఇప్పుడున్న గదిలో మిగతా ఇద్దరూ తొమ్మిదికి లేస్తారు. వాళ్ల నిద్ర పాడు చేయలేక మేడ మీద చలిలో వాయిస్తున్నాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

నాగావళి గారు అడగమన్నట్టే చెబుతున్నాను. నిన్న రాత్రి 9:30కి పడుకున్నాను, మొన్న 9:45కి. ఉదయం 5 నుంచి 7 దాకా సాధకం. గిన్నెలు రాత్రే తోముతాను. మాంసం తినను, ఎదుటివాళ్లు తింటే అభ్యంతరం లేదు, ఎండు చేపల వాసన మాత్రం తట్టుకోలేను. ఇది ముందే చెప్పడం మంచిదనిపించింది. మీ షిఫ్టులు ఏ వేళలు?

వెన్నెల_27
గురువారం, రాత్రి 9:15

వారానికొకటి మారుతుంది. ఉదయం షిఫ్టు 7 నుంచి, ఆ వారం నేను 5కే లేస్తాను. రాత్రి షిఫ్టు వారం ఇంటికి చేరేసరికి ఉదయం 7:30. అప్పటికి మీ సాధకం అయిపోతుంది! మధ్యాహ్నం షిఫ్టు వారమే చిక్కు. రాత్రి 9కి దిగి, తిని పడుకునేసరికి 11:30. ఉదయం 7:30 దాకా నిద్ర కావాలి.

ఎండు చేపలంటే నాకు ప్రాణం. మెత్తళ్ల కూర లేని ఆదివారం మా ఇంట్లో ఉండదు. నేనూ ముందే చెబుతున్నాను.

అమ్మమ్మ_గంటస్తంభం
శుక్రవారం, ఉదయం 6:35

ఇద్దరూ ఒక సంగతి మరిచారు. ఈ ఊళ్లో ఇల్లుంటే దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలు రాకుండా ఉండరు. సోమవారం తొలేళ్ల నాటికే దిగుతారు. బొబ్బిలి వైపు నుంచి నీ వాళ్లు, శ్రీకాకుళం నుంచి ఆ పిల్ల వాళ్లు. రెండు గదుల్లో పదిహేనుమంది అవుతారు. ఎవరి తరఫున ఎందరు, ఎవరు ఎక్కడ పడుకోవాలి, మగవాళ్లు వస్తే ఎలా, ఇప్పుడే అనుకోండి. పండగ నాడు చుట్టాల ముందు మొహం మాడ్చుకుంటే ఆ మాట ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

వెన్నెల_27
పదహారు రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:20

అందరికీ జరిగింది చెప్పాలి. శ్రుతి గారు, నేను మొదట కళాశాల దగ్గర టీ కొట్టులో కలిశాం. తర్వాత నా ఇల్లు చూపించాను. వెంటనే సామాను తెమ్మనలేదు. ఒక పరుపు, వయొలిన్, నాలుగు జతల బట్టలతో ఒక వారం ఉండి చూడమన్నాను. ఇంటివారికి ముందే చెప్పాను. కావాలనే మధ్యాహ్నం షిఫ్టు వారం ఎంచుకున్నాం, కష్టమైన వారం కుదిరితే మిగతావి కుదురుతాయని.

మొదటి రెండు రోజులు నాకు 5 గంటలకే మెలకువ వచ్చింది. రెండో రోజు పొద్దున్నే చెప్పేశాను. నిరుడైతే మూడు నెలలు దాచుకునేదాన్ని. తను వయొలిన్ తీగలను మోసే చిన్న చెక్క (గుర్రం అంటారు) మీద పెట్టే రబ్బరు మ్యూటు తెచ్చుకుంది, ధ్వని బాగా తగ్గింది. తలుపు సందులకు పాత దుప్పటి కుట్టి పెట్టాం. వర్ణాలు, కీర్తనలు పూర్తి ధ్వనితో వాయించడం ఆ వారం కళాశాలకు వాయిదా. మూడో రోజు నుంచి నిద్రపోయాను.

చేపల సంగతి పూర్తిగా తేలలేదు. తను గుజరాతీపేట వెళ్లే ఆదివారాల్లో వెనుక బాల్కనీలో వండుకుంటాను. ఫ్రిజ్‌లో పెట్టను. నెలకు రెండు ఆదివారాలే అవుతాయి, నాకు అది తక్కువే. తనకు కూడా ఆ రెండూ ఎక్కువగానే ఉన్నట్టున్నాయి. మూడు నెలలు చూసి మళ్లీ మాట్లాడుకుందామని రాసుకున్నాం. సిరిమానుకు చెరి నలుగురు, మగవాళ్లకు మేడ మీద పడక. ఏసీకి చిన్న మీటరు వచ్చింది.

నిరుటి అమ్మాయికి ఫోను చేశాను. కరెంటు లెక్కలో నేను తనకు ఇవ్వాల్సింది తీసేసి, మిగిలిన బాకీ రెండు విడతల్లో పంపుతానంది. అమ్మ కూడా వాళ్లమ్మకు ఫోను చేసింది. గంటసేపు మాట్లాడుకున్నారు.

లేఖరి గారూ, కొత్త కాగితానికి ఏమేమి తేవాలి?

దస్తావేజు_లేఖరి
ఆదివారం, రాత్రి 8:00

ఇద్దరి ఆధార్ నకళ్లు, పాత ఒప్పందం, ఇద్దరు సాక్షులు. ఇంటివారు సంతకానికి తప్పక రావాలి. చేపల షరతు అందులో అక్కరలేదమ్మా, మీ ఇద్దరి కాగితంలో చాలు.

అమ్మమ్మ_గంటస్తంభం
సోమవారం, ఉదయం 6:15

సామాను దించే రోజు మీ అమ్మలిద్దరూ వస్తారు కదా. ఆ పూట వంట పెట్టుకోకండి, నేను పులిహోర పంపిస్తాను. ఇల్లు ఎక్కడో నాకు విడిగా రాయి తల్లీ.